తుప్పు పట్టనిదానికి రంగెందుకు?

నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీర ఒడ్డున ఉన్న బోరంచ గ్రామానికి నల్లపోచమ్మ తల్లి గుడి వలన పేరు వచ్చినది. మొక్కులు చెల్లించుకొనడానికి ఎక్కడెక్కడి వారో అక్కడికి వస్తారు. ఒక వేసవి ఉదయం నేను వెళ్ళినప్పుడు గుడికి కొంత దూరంలో ఒక చెట్టు నీడన కారు ఒకటి నిలిచి ఉన్నది. బానెట్ మీద పసుపు కుంకుమలు కొత్తవి; బానెట్ మాత్రం అప్పుడే ముసలిదైపోయినది. నల్లని నేత మీద మెరవవలసిన పూత పచ్చబారి, పాము కుబుసంలాగా పొరలు పొరలుగా లేస్తున్నది. పక్కన నిలబడిన ఒక వృద్ధుడు దానిని వేలితో తట్టి చూచి, కారు తెచ్చిన యువకుణ్ణి అడిగినాడు.

"ఇది ఇనుము కాదా, బిడ్డా?"

"కాదు తాతా, కార్బన్ ఫైబర్. బొగ్గు పోగులతోని చేసింది. ఎన్నేండ్లున్నా తుప్పు పట్టదు."

"తుప్పు పట్టనిదానికి రంగెందుకేసినవ్ మరి?"

యువకుడు నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు పట్నం దాకా వచ్చినది. ఈ ప్రసంగమంతా ఆ పెద్దాయనకు ఇవ్వవలసిన జవాబే.

ముందు ఆ వస్తువేమిటో తెలుసుకొందాము. కట్టెలు పేర్చి, పైన మట్టి కప్పి, గాలి తగలకుండ కాల్చితే కట్టె బూడిద కాక బొగ్గుగా మిగులుతుందని మన పల్లెలలో అందరికీ తెలుసు. కార్బన్ ఫైబర్ పుట్టుక కూడ ఇంచుమించు ఇటువంటిదే. స్వెట్టర్లలో వాడే ఆక్రిలిక్ దారానికి దగ్గరి చుట్టమైన ఒక దారాన్ని మొదట 200 నుండి 300 డిగ్రీల వేడిలో పదును చేస్తారు. తరువాత ప్రాణవాయువు చొరబడని కొలిమిలో 1000 డిగ్రీలకు మించి కాల్చుతారు. తక్కినవన్నీ ఆవిరైపోగా కర్బనం మాత్రం పోగుగా నిలుస్తుంది. అటువంటి పోగులు సుమారు పది చేర్చితే గాని మన తలవెంట్రుక మందము కాదు. వాటిని బట్టగా నేసి, ఎపాక్సీ వంటి రెజిన్‌లో తడిపి, అచ్చులో గట్టిపడనిస్తే పలక సిద్ధమవుతుంది. బలము పోగుది, ఆకారము రెజిన్‌ది. ఒకే పరిమాణము గల ముక్కలు తీసుకొంటే, ఉక్కు బరువులో ఇది దాదాపు అయిదవ వంతు మాత్రమే తూగుతుంది.

ఈ జాతి పదార్థాలు మన ప్రాంతానికి కొత్తవి కావు. 1989 మే 22వ తేదీన మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దిగేటప్పటి మంటను తట్టుకొన్నది కర్బన కవచము వలననే. ఆ క్షిపణి కృషికి కేంద్రము హైదరాబాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెము జరిగినప్పుడు పరుగెత్తిన కార్ల పైతొడుగులలో, పాత తరము కార్ల నుండి తిరిగి తీసిన కార్బన్ ఫైబర్‌ను, అవిసె నారను కూడ వాడినారు.

ఇక ప్రశ్నకు వద్దాము. ఇనుముకు రంగు వేయడము గాలి, నీరు తగలకుండ చేయడానికి. కర్బన పోగుకు వాటి భయము లేదు. కాని ఆ పోగులను పట్టి ఉంచే రెజిన్‌కు ఎండ భయమున్నది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీ అణువుల కట్టును విడదీస్తాయి. రెజిన్ మొదట పచ్చబారుతుంది, తరువాత సుద్ద రాసినట్లు పొడిదేరుతుంది, చివరకు పోగులు బయటపడతాయి. అందుచేత కార్బన్ పలకకు రంగు అలంకారము మాత్రమే కాదు, గొడుగు కూడ. ఆ గొడుగు మందము, పూతలన్నీ కలిపినా, మిల్లీమీటరులో పదవ వంతుకు కొంచెము ఎక్కువ!

అంత పలుచని పూత నిలవడము దాని కింద చేసిన పని మీద ఆధారపడి ఉంటుంది. నిర్మల్ బొమ్మలు చేసే కళాకారుడు పొనికి కర్రకు లప్పం పట్టించి, నునుపు చేసిన తరువాతనే రంగు ముట్టుకొంటాడు. ఇక్కడ కూడ సూత్రమదే.

అచ్చు నుండి పలక సులువుగా ఊడి రావడానికి అచ్చు లోపల మైనము పూస్తారు. ఆ మైనము కంటికి కనబడకుండ పలకను అంటి ఉంటుంది. దాని మీద ఏ రంగూ నిలవదు. కనుక మొట్టమొదట సబ్బునీటితో కడగవలెను. తరువాత మైనాన్ని, జిడ్డును తీసే ద్రావకము ఒక శుభ్రమైన గుడ్డతో పూసి, అది ఆరక ముందే వేరొక పొడిగుడ్డతో తుడవవలెను. ఇదంతా గరుకు కాగితము పట్టుకొనక ముందు జరగవలెను. లేనిచో రాపిడి గీతలలోకి మైనాన్ని మనమే కూరినవారమవుతాము. పాత రంగు వదిలించడానికి ఇనుప పలకలపై వాడే ఘాటైన ద్రావకాన్ని మాత్రము దీనికి తగలనీయరాదు. అది రంగుతోపాటు రెజిన్‌నూ తింటుంది.

తరువాత 320 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దుతారు. ఇక్కడ పనివాడు చూడవలసినది నీటి రంగు. తెల్లగా పాలవలె వస్తున్నంత సేపు రెజిన్ మాత్రమే అరుగుతున్నదని అర్థము. నల్లగా వచ్చినదా, పోగు తెగుతున్నది. అక్కడ చేయి ఆపవలెను. పోగు తెగితే పలక బలమే తగ్గుతుంది.

రుద్దిన పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే సూదిమొనంత రంధ్రాలు కనబడతాయి. వాటిని రంగుతో కప్పి సరిపెట్టుకొనరాదు. వాటిలో చిక్కిన గాలి ఎండకు వ్యాకోచించి పూతను బొబ్బలుగా లేపుతుంది. ఒక్కొక్క రంధ్రాన్ని లప్పంతో నింపి, ఆరిన పిమ్మట సాపు చేయవలెను. దాని మీద ఎపాక్సీ ప్రైమరు, ఆ పైన సాపు చేయడానికి వీలైన మందపాటి ప్రైమరు, మళ్ళీ 400 నుండి 600 నంబరు కాగితముతో రాపిడి, ఆ పైన రంగు, చివరకు క్లియర్ కోటు అని పనివారు పిలిచే పారదర్శకమైన పూత. నేత కనబడవలెనని కోరేవారు ప్రైమర్లూ రంగూ వేయక క్లియర్ కోటు మాత్రమే వేయిస్తారు. అప్పుడు ఎండను ఆపే భారమంతా ఆ ఒక్క పూతదే. అతినీలలోహిత కిరణాలను పీల్చే గుణము గలదానిని రెండు మూడు వరుసలు, వరుసకు వరుసకు తగిన విరామమిచ్చి వేయవలెను. బోరంచలో నేను చూచిన బానెట్‌కు ఎక్కడ లోపము జరిగినదో చెప్పలేను. కాని పచ్చబారడము ఎండ నుండి కాపుదల చాలలేదనడానికి, పొరలు లేవడము కింది పని కుదరలేదనడానికి సామాన్యమైన గుర్తులు.

వేడి సంగతి కూడ చెప్పవలెను. కార్ల కర్మాగారాలలో ఉక్కు తొడుగులను తొట్టెలో ముంచి, విద్యుత్తుతో తొలిపూత పట్టించి, సుమారు 180 డిగ్రీల పొయ్యిలో కాల్చుతారు. మామూలు గది వేడిలో గట్టిపడిన కార్బన్ పలక ఆ పొయ్యిని తట్టుకొనలేదు. దాని రెజిన్ 60, 70 డిగ్రీలకే మెత్తబడడము మొదలుపెట్టవచ్చును. మన వేసవిలో ఎండన నిలిపిన నల్లని బానెట్ కూడ 70 డిగ్రీలు దాటగలదు! అప్పుడు రెజిన్ మరికొంత కుంచించుకొని, అద్దమువలె ఉన్న రంగు మీద కింది నేత గళ్ళు గళ్ళుగా తేలుతుంది. దీనికి విరుగుడు ముందే చేయవలెను. రంగు వేయక మునుపే, తయారుచేసినవారు చెప్పిన మేరకు, పలకను మెల్లమెల్లగా వేడిచేసి, కుంచించుకొనవలసినదేదో అప్పుడే కుంచించుకొననీయవలెను.

మరొక హెచ్చరిక. పలక తుప్పు పట్టదు గాని, పక్కనున్న లోహానికి తుప్పు పట్టించగలదు. కర్బనము, అల్యూమినియము లేక మామూలు ఇనుము తడిలో ఒకదానినొకటి తాకితే, చిన్న బ్యాటరీ ఏర్పడి లోహము కరుగుతుంది. కనుక మేకులు, మడతబందులు తగిలే చోట గాజునార పొరో, మంచి పూతో అడ్డముండవలెను.

ఇంతవరకు పలకను కాపాడే మాట చెప్పినాను. ఇక ఆ పని చేసే మనిషి మాట. క్లియర్ కోటులో కలిపే హార్డ్‌నర్‌లలో సాధారణంగా ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. 1984లో భోపాల్‌లో వేలమందిని బలిగొన్న విషవాయువు వేరు, ఇది వేరు. కాని రసాయన కుటుంబము ఒకటే. స్ప్రే గన్ నుండి వెలువడే మంచును పీల్చినవారిలో కొందరి ఊపిరితిత్తులు ఆ పదార్థానికి శత్రువులవుతాయి. ఒకసారి అట్లా అయిన తరువాత రవ్వంత సోకినా ఉబ్బసము లేస్తుంది. ఒక్కొక్కప్పుడు పని ముగిసి ఇంటికి వెళ్ళిన రాత్రి దగ్గు, ఆయాసము మొదలవుతాయి. కారణము రంగు అని ఇంటివారికి తోచదు. వాసన రాలేదు గనుక ప్రమాదము లేదనుకొనడము పొరపాటు. వాసన తెలిసే సరికే మోతాదు మించిపోయి ఉంటుంది.

ముక్కుకు కట్టుకొనే రుమాలు దీనిని ఆపలేదు. బయటి మంచి గాలిని గొట్టము ద్వారా అందించే ముసుగు కావలెను. చేతులకు తొడుగులు, కళ్ళకు రక్షణ కావలెను. మంచును బయటికి లాగివేసే ఫ్యాను గల ప్రత్యేకమైన గది కావలెను. మంచు పూర్తిగా తొలగిన తరువాతనే ముసుగు తీయవలెను. అన్నము తెచ్చిన పిల్లలు గాని, పని నేర్చుకొనే కుర్రవాడు గాని ఆ గదిలోకి రారాదు. పలక రుద్దేటప్పుడు లేచే ధూళికి కూడ ముసుగు అవసరమే. తడి రాపిడి ఇందుకూ మేలు.

కారు గలవారు రంగు వేయించబోయే ముందు అడిగే ప్రశ్న "ఎంత అవుతుంది? ఎప్పుడు ఇస్తావు?" అని. వాటికి ఇంకొకటి చేర్చండి: "గాలి ముసుగు ఉన్నదా?" ఆ ముసుగు ఖరీదు మన బిల్లులో కొంత పెరిగితే పెరగనీయండి. అది లేని చోట చౌకగా వచ్చిన మెరుపుకు మిగిలిన వెల ఒక యువకుని ఊపిరి చెల్లిస్తున్నదని గుర్తించవలెను.

మళ్ళీ బోరంచ వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన కనబడితే నేను చెప్పే జవాబు చిన్నది. "తాతా, పోగుకు తుప్పు లేదు గాని, దానిని పట్టి ఉంచేదానికి ఎండ దెబ్బ ఉన్నది. రంగు దానికి గొడుగు. ఆ గొడుగు పట్టేవానికి కూడ ఒక గొడుగు కావాలె."