వంపు అంచుకు సాన: ఉదయగిరి ఉలి, ఆత్మకూరు కొడవలి

ఉదయగిరి చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి చెక్కలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే చేతిపనికి భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చాలామందికి తెలిసినదే గాని, ఆ చెంచా గుంటను తొలిచే ఉలి అంచు గురించి మాట్లాడేవారు తక్కువ. గుంట గుండ్రంగా ఉంటుంది కనుక దాన్ని తొలిచే పనిముట్టు అంచు కూడా వంపు తిరిగి ఉండక తప్పదు. ఉదయగిరికి ఆగ్నేయంగా, సోమశిల జలాశయానికి దగ్గరలో ఉన్న ఆత్మకూరు ప్రాంతపు వరి మళ్ళలో వాడే కొడవలికి అంచు లోపలికి వంగి ఉంటుంది. పాత ఇళ్ళ వంటగదుల్లోని కత్తిపీటదీ అదే తీరు. చెయ్యి తిరిగినవారు తిన్నని కత్తిని చదునైన సానరాయి మీద నూరి పదును తేగలరు గాని, ఈ మూడింటి విషయంలో రాయి ఒకచోట తగిలి మరొకచోట తగలదు.

‘పదును’ అనే మాటకు తెలుగులో మూడు అర్థాలున్నాయి: దున్నడానికి అనువైన నేల తేమ ఒకటి, కొలిమిలో కాల్చి నీటిలో ముంచడం వల్ల ఇనుముకు వచ్చే గట్టిదనం రెండోది, అంచు వాడి మూడోది. మూడింటిలోనూ ఉన్నది హెచ్చుతగ్గులు లేని తగుమాత్రపు స్థితి అనే భావమే కావచ్చు. అంచు విషయంలో ఆ తగుమాత్రం ఒక కోణం. కత్తి రెండు ముఖాలూ కలిసే గీతే అంచు. ఆ ముఖాలను ఎంత తక్కువ కోణంలో అరగదీస్తే కోత అంత సులువవుతుంది, కాని అంచు అంత త్వరగా విరుగుతుంది. వంటింటి కత్తికి ఒక్కొక్క వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలు సరిపోతుంది; గొడ్డలికి ఇంకా ఎక్కువ కావాలి. చేత్తో నూరేటప్పుడు ప్రతి విసురుకూ మణికట్టు కొద్దిగా ఊగుతుంది కనుక కోణం మారి, అంచు కోసుగా ఉండవలసింది గుండ్రంగా తయారవుతుంది.

ఈ ఊగిసలాటను తప్పించడానికే కోణం కట్టి సాన పట్టే సాధనాలు వచ్చాయి. వీటిలో ఒక రకానికి కత్తిని వీపు వైపున బిగించే పట్టు ఒకటి, కొంత ఎత్తులో ఒక కీలు, ఆ కీలులోంచి జారే కడ్డీ, కడ్డీకి అమర్చిన సన్నని రాయి ఉంటాయి. చెయ్యి రాయిని ముందుకూ వెనక్కూ జరుపుతుందే తప్ప వాలును నిర్ణయించేది కీలు ఎత్తే. అమెరికా సంస్థ లాన్స్కీ సాధనం ఈ కోవకు చెందినది.

ఇక్కడొక క్షేత్రగణిత విశేషం ఉంది. కత్తి అంచు తిన్నగా ఉంటే, కడ్డీ ఏ పక్కకు తిరిగినా రాయి అదే వాలులో పడుతుంది. అంచు వంగితే మాత్రం, ఆ వంపు దగ్గర అంచును తాకుతూ గీసిన సరళరేఖకూ కీలు అడుగుకూ మధ్య ఉండే దూరాన్ని బట్టి కోణం మారుతుంది. కీలు 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి ఆ దూరం 22 సెంటీమీటర్లయితే కోణం 20 డిగ్రీలు. కత్తి మొన దగ్గర దూరం 16కు తగ్గితే కోణం 26 డిగ్రీలు దాటుతుంది. కోణం కట్టిన సాధనమే అయినా మొన దగ్గర కోణం తప్పుతుందన్న మాట. ఇందుకు విరుగుడుగా, పొడుగు కత్తిని ఒకేచోట బిగించి వదిలేయకుండా మొన భాగాన్ని వేరుగా మళ్ళీ బిగించాలి.

కొడవలి సంగతి దీనికి తలకిందులు. చూడడానికి అన్నిటికన్నా కష్టమైన ఆకారంలా కనిపించినా, దాని లోపలి వంపు ఒక వృత్తఖండమై, ఆ వృత్తకేంద్రం సరిగ్గా కీలు కింద ఉంటే, కోణం ఆ కొస నుంచి ఈ కొస దాకా మారదు. అయితే వెడల్పాటి చదును రాయి లోవంపులో కూర్చోదు, దాని మూలలే గీరుకుంటాయి. అందువల్ల గుండ్రని కడ్డీరాయి గాని, ఉబ్బెత్తు ముఖం ఉన్న సన్నని రాయి గాని కావాలి. కక్కు పెట్టిన కొడవలికి, అంటే రంపంలా పళ్ళు ఉన్నదానికి, ఈ పద్ధతి కూడా చెల్లదు. పళ్ళు ఒక ముఖం మీదే కొట్టి ఉంటే ఆ వైపు రాయి తగలనీయకుండా, చదునైన రెండో ముఖాన్ని మాత్రమే పలచగా నూరాలి. పళ్ళు పూర్తిగా అరిగితే మళ్ళీ కక్కు పెట్టించడానికి కమ్మరి కొలిమికి పోవలసిందే.

కోణం కట్టడం విదేశీ యంత్రాలతోనే మొదలైందనుకోవడం పొరపాటు. పాతకాలపు మంగలి కత్తికి వీపు దళసరిగా ఉంటుంది. దాన్ని రాయి మీద పరిచినప్పుడు వీపూ అంచూ రెండూ రాయికి ఆనుతాయి కనుక కోణాన్ని ఆ కత్తే తనకు తాను నిర్ణయించుకుంటుంది. కత్తిపీటలో కత్తి పీటలోకి దిగి కదలకుండా ఉంటుంది. సగం సాధనం అక్కడే సిద్ధంగా ఉన్నట్టు, ఇక రాయి వాలును నిలపడమే మిగులుతుంది.

ఉలి దగ్గరికి వస్తే కథ మరింత సున్నితం. వంపు ఉలికి వాలు సాధారణంగా బయటి ముఖం మీద ఉంటుంది. రాయి మీద దాన్ని ఒకే వాలులో ఉంచుతూ, ఒక పక్క నుంచి మరో పక్కకు దొర్లించాలి. దొర్లింపు తగ్గితే మధ్యభాగం ఎక్కువ అరిగి అంచు పక్కలకు కొమ్ములు మిగులుతాయి. స్వీడన్‌లో 1973లో మొదలైన టోర్మెక్ సంస్థ నీటిలో తిరిగే సానచక్రానికి ఇలాంటి ఉలుల కోసమే ఒక పట్టును అమర్చింది. ఉలి అందులో బిగుసుకొని ఒకే అక్షం మీద దొర్లుతుంది. బయట నూరగానే లోపలి వైపు లేచే సన్నని ఇనుప పొరను, పుల్లకు చుట్టిన గరుకు కాగితంతో తీసేయాలి. నీటి చక్రానికి ఇంకో లాభం ఉంది: వేగంగా తిరిగే పొడి చక్రం మీద అంచు నీలిరంగుకు వచ్చిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్టే, కమ్మరి పెట్టిన పదును పోయినట్టే.

ధర మాట చెప్పక తప్పదు. రోజంతా చెక్క తొలిచే పనివారికి కోణం కట్టే పట్టు ఖర్చుకు తగ్గ ఫలితమిస్తుంది, ఎందుకంటే ప్రతిసారీ అదే కోణం వస్తే తక్కువ ఇనుము అరిగి ఉలి ఎక్కువ కాలం మన్నుతుంది. కోతకాలంలో కొద్దిరోజులే బయటికి తీసే కొడవలికి, అందులోనూ కోత యంత్రాలు మళ్ళలో తిరుగుతున్న ఈ కాలంలో, అంత ఖరీదైన ఏర్పాటు దండగే. దానికి బదులు 10 సెంటీమీటర్ల నిడివికి 3.6 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా కోసిన చెక్క వాలు 20 డిగ్రీల కొలబద్దగా పనికివస్తుంది. ఏ సాధనం వాడినా, మొదట అంచు పొడవునా మార్కర్ పెన్నుతో సిరా పూసి, రెండు విసుర్లు నూరి చూడండి: సిరా అంచు దాకా చెరిగితే వాలు సరిపోయింది, అంచు దగ్గర చెరగకుండా మిగిలితే రాయిని కొద్దిగా పైకెత్తాలి.