జోనంగికి జోడు కరువు

కైకలూరు: గత చిత్త కార్తెలో ఒక సాయంత్రం కొల్లేటి ఒడ్డున బాతులు మేపుకునే ఒక పెద్దాయన ఈ విలేఖరి ఇంటికి వచ్చి విచిత్రమైన సాయం అడిగారు. ఆయన దగ్గరున్న ఆడ జోనంగి కుక్క ఎదకు వచ్చింది. దానికి తగిన మగ జోనంగి ఎక్కడైనా ఉందేమో చెప్పమని కోరారు. నాలుగు ఊళ్లు తిరిగే విలేఖరికి తెలియకుండా ఉంటుందా అని ఆయన నమ్మకం. తెలియదని చెప్పడానికి మొగమాటపడి, వెతుకుదాం పదండి అనవలసి వచ్చింది.

జోనంగి అంటే మన కొల్లేటి పరిసరాల జాగిలం. నేటి కుర్రకారులో చాలామంది దీన్ని చూసి ఉండరు. ఒంటిమీద వెంట్రుక ఉందా లేదా అన్నంత నున్నగా ఉంటుంది. నుదుటిమీద ముడతలు, మడత పడిన చెవులు, సన్నని కాళ్లు. మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు ఒక వింత కూత కూస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకోవడం దీనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంటిల్లిపాదీ అన్నం పెట్టినా ఒక్కరినే యజమానిగా ఎంచుకుంటుంది.

పూర్వం దీనికి చేతినిండా పని ఉండేది. కోతలయ్యాక బాతుల మందలను పొలం నుంచి పొలానికి తోలుకుపోయేవారు వెంట జోనంగి ఉండేది. మంద చెదరకుండా చూడడం, దారి తప్పిన బాతుకు దెబ్బ తగలకుండా మళ్లించడం, రాత్రిపూట నక్కలను, ముంగిసలను దగ్గరకు రానివ్వకపోవడం దాని విధులు. కొందరు వేటకూ వాడేవారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక వేట మానవలసి వచ్చింది. ఆ తర్వాత కొల్లేరు చేపల చెరువులుగా మారిపోయింది. గట్లు తవ్వుతున్నాయని, చేపలు తింటున్నాయని చెరువుల వారు ఈ కుక్కలను చంపిన రోజులున్నాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువు గట్లు చాలావరకు పగలగొట్టారు. కాని అప్పటికే ఊళ్లలో జోనంగి అరుదైపోయింది.

ఈ జాతి శుద్ధంగా నిలిచింది కాగితాల వల్ల కాదు, పని వల్ల. బాతును కరిచే కుక్కను ఎవరూ ఉంచుకునేవారు కాదు. మంచి పనివాడైన మగదాన్ని వెతికి ఆడదాన్ని దాని దగ్గరకు తీసుకువెళ్లేవారు. పని పోయాక ఆ వెతుకులాట కూడా పోయింది. ఊరకుక్కలతో కలిసి సగం సగం పిల్లలు పుట్టుకొస్తున్నాయి.

సరే, మా వెతుకులాట సంగతి. ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది గాని, ఆడకుక్క మగదాన్ని రానిచ్చేది మధ్యలో కొద్ది రోజులే. మైల మొదలైన తొమ్మిది, పది రోజుల తర్వాత అని లెక్క. పెద్దాయన వచ్చేనాటికి ఆరు రోజులు గడిచిపోయాయి.

మండవల్లి వైపు జోనంగి ఉందని ఎవరో చెబితే వెళ్లాము. అది బక్కచిక్కిన ఊరకుక్క. ఆకివీడు వైపు ఒక చేపల చెరువు కావలివాడి దగ్గర నిజమైన మగ జోనంగి దొరికింది. మంచి వయసు, మంచి ఒళ్లు. పెద్దాయన దాని నుదురు నిమురుతూ ఎక్కడిదని అడిగారు. కావలివాడు నవ్వి, మీరిచ్చిందేనండీ, నాలుగేళ్లయింది అన్నాడు. అంటే మన ఆడదానికి తోడబుట్టింది! పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎంత కుక్కలైనా అన్నాచెల్లెళ్లకు జత కట్టిస్తామా అని తిరుగు ముఖం పట్టారు.

ఈ విషయమై పశువైద్యుణ్ణి వాకబు చేయగా, పెద్దాయన చేసిందే సరి అన్నారు. దగ్గరి రక్తంలో జత కట్టిస్తే రూపు నిలబడవచ్చు గాని, లోపల దాగి ఉన్న లోపాలు కూడా పిల్లల్లో బయటపడతాయట. తల్లిదండ్రులెవరో రాసి పెట్టుకునే అలవాటు ఉంటే ఇన్ని ఊళ్లు తిరిగే బాధ తప్పేది.

చివరకు భీమడోలు వైపు ఒక ముసలి మగ జోనంగి ఉందని తెలిసింది. ఆడదాన్నే మగదాని చోటికి తీసుకుపోవాలి, కొత్త చోట మగ కుక్క బెదురుతుంది. అందుకని ఆటో మాట్లాడుకుని బయలుదేరాము. దారిలో పొద్దు గడవక, విజయవాడలో ఒకసారి చూసిన కుక్కల ప్రదర్శన గురించి పెద్దాయనకు చెప్పాను. జాతివారీగా, వయసువారీగా, ఆడా మగా వేరు చేసి బరిలోకి దింపుతారు. న్యాయనిర్ణేత పళ్లు లెక్కపెడతాడు, ఎముక తడుముతాడు, పరుగెత్తించి నడక చూస్తాడు. పక్క కుక్కకంటే ఇది బాగుందా అని కాదు, ఆ జాతికి రాసిపెట్టిన లక్షణాలకు ఎంత దగ్గరగా ఉందో చూస్తాడు. ఆ రోజు బరినిండా సీమకుక్కలే. మన జోనంగి ఒక్కటీ కనబడలేదు. అంతా విన్న పెద్దాయన, బాతుల్ని వదిలి చూడరా మరి అని అడిగారు. చూడరని చెబితే ఆయనకు నచ్చలేదు.

ప్రభుత్వం తలుచుకుంటే జాతి నిలబడుతుందనడానికి పక్క రాష్ట్రమే సాక్ష్యం. కర్ణాటకలోని ముధోల్ జాగిలానికి అక్కడే ప్రత్యేక పరిశోధన కేంద్రం పెట్టారు. సైన్యం కూడా ఆ కుక్కలను తీసుకుని శిక్షణ ఇచ్చింది. 2005లో నాలుగు దేశవాళీ కుక్కల మీద తపాలా బిళ్లలు వేసినప్పుడు ముధోల్, రాజపాళయం కుక్కలకు చోటు దక్కింది. జోనంగికి దక్కలేదు.

ముసలి కుక్క మా పరువు నిలబెట్టింది. ఒక రోజు ఎడం ఇచ్చి రెండుసార్లు జత కట్టించారు. అందుకు ప్రతిఫలం డబ్బు కాదు, పిల్లల్లో మొదట ఎంచుకునే హక్కు. అంతా సవ్యంగా జరిగిందని ఊపిరి పీల్చుకుంటుండగా మూడో రాత్రి ఆడకుక్క తాడు కొరుక్కుని పోయింది. తెల్లారి కాలవగట్టున రెండు ఊరకుక్కల మధ్య దొరికింది. జత కట్టింది కదా అని కట్టు వదులు చేయడమే మా పొరపాటు. ఎద పూర్తిగా తగ్గేదాకా తలుపు వేసి ఉంచవలసింది.

కుక్క గర్భం సుమారు 63 రోజులు. ధనుర్మాసం చలిలో ఐదు పిల్లలు పెట్టింది. మొదటి వారాలు అన్నీ ఒకేలా కనబడ్డాయి. కళ్లు తెరిచి, నడక నేర్చాక తేడా తెలిసింది. మూడు నున్నగా ఉన్నాయి, రెండింటికి తోక మీద జూలు. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో సాధ్యమేనని పశువైద్యుడు చెప్పేదాకా పెద్దాయన నమ్మలేదు.

జోనంగికి వెంట్రుక చాలా పొట్టి గనుక పిల్లలకు చలి కాయాలి. గోనెపట్టాలు పరిచి, గాలి తగలని పొడి మూలన ఉంచారు. తల్లికి చేపలు కలిపిన అన్నం, గుడ్డు రోజుకు మూడు పూటలు. రెండో వారం నుంచే పిల్లలకు పురుగుల మందు మొదలుపెట్టారు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకా, మళ్లీ మూడు నాలుగు వారాలకొకసారి నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. మూడో నెలలో రేబీస్ టీకా, ఆ తర్వాత ఏటేటా. జూలై 6న చాలా పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. కుక్క కరిస్తే, అది పెంపుడుదే కదా అనుకోకుండా సబ్బు నీళ్లతో పావుగంట గాయం కడిగి ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం పెట్టి ఇంట్లో కూర్చోరాదు.

టీకా విలువ ఈ విలేఖరికి ఆలస్యంగా తెలిసింది. మూడేళ్ల క్రితం పాప ముచ్చటపడితే పట్నంలో ఒక దుకాణంలో పమేరియన్ పిల్లను కొన్నాను. నెల దాటిందో లేదో, టీకాలన్నీ అయిపోయాయన్నారు. చీటీ అడగలేదు. వారం తిరగకుండా రక్త విరేచనాలతో పోయింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయన్న సంగతి అప్పుడు తెలియదు.

ఆ దెబ్బతో పెద్దాయనకు గట్టిగా చెప్పాను. నెల పిల్లలనే కొంటామని వచ్చిన ఇద్దరిని ఆయన వెనక్కి పంపేశారు. రెండు నెలలు నిండాక ముసలి కుక్క యజమాని వచ్చి, మూడు నున్నటి పిల్లలనూ బాతుల దొడ్డిలో వదిలి కాసేపు చూసి, ఒక ఆడపిల్లను చంకన పెట్టుకుపోయారు. జూలు తోక రెండూ చెరువు కావలికి వెళ్లాయి.

పెద్దాయన దగ్గర ఇప్పుడు ఒక ఆడ, ఒక మగ పిల్ల ఉన్నాయి. ఇవి తోడబుట్టినవి గనుక వీటికి బయటి జోడే కావాలి. మగది ఏడాదిన్నర నిండాక జతకు ఇస్తానంటున్నారు. కొల్లేటి ఊళ్లలో ఎవరి దగ్గరైనా జోనంగి ఉంటే, దాని తల్లి ఎవరిదో కనుక్కుని, తమ పశువైద్యశాలలో పేరు రాయించి పెట్టవలసిందిగా ఆయన కోరుతున్నారు.