సాంచల కంపెనీ రేసుకారు

టయోటా అంటే అందరికీ కారే గుర్తొస్తుంది. సాంచా ఖాతాలో ముప్పై ఏండ్లు చేసిన నాకు మాత్రం అది ముందు సాంచల పేరు. జపానులో సకిచి టొయోడా 1924లో తయారుచేసిన జి రకం సాంచ నడుస్తుండగానే ఖాళీ నాడెను తీసి నిండు నాడెను అందుకునేది. పడుగులో ఒక్క పోగు తెగినా తనంతట తానే ఆగేది. 1929లో దాని హక్కులు ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి అమ్మిన్రు. 1933లో సకిచి కొడుకు కీచిరో ఆ సాంచల కంపెనీలోనే మోటారు ఖాతా పెట్టిండు.

ఆ ఇంట్ల పుట్టిన రేసుకారు కథ మొన్న మా మనవడు ఫోన్ల చూపించిండు. పేరు టీఎస్050. 2016లో వచ్చింది. అమ్మడానికి కాదు, పందెం కోసమే చేసిన బండి. 2.4 లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. బ్రేకు వేసినప్పుడు ఊరికే పోయే శక్తిని బ్యాటరీలో దాచుకొని, మళ్లీ చక్రాలకు ఇచ్చే మోటార్లు కూడా ఉన్నయి. ఇంజను పని జపానులో, బండి ఒళ్లు జర్మనీలోని కొలోన్‌లో.

పందెం ఫ్రాన్సులోని లెమాన్‌లో, 24 గంటలు. బండికి ముగ్గురు డ్రైవర్లు, మన మూడు పాళీల లెక్కనే. టయోటా మొదటిసారి అక్కడికి పోయింది 1985లో. ఎన్నిసార్లు పోయినా గెలుపు రాలేదు.

2016 జూన్‌లో వాళ్ల ఐదో నంబరు బండి అందరికన్నా ముందుంది. ఆఖరి పాళీ కజుకి నకజిమాది. 23 గంటల 50 నిమిషాలు దాటినంక బండిలో బలం లేదని రేడియోలో చెప్పిండు. గీత దాటి, సొంత మనుషుల ముందే బండి ఆగింది. వెనక నుంచి పోర్షే వచ్చి దాటిపోయింది. నకజిమా బండిని మళ్లీ కదిలించి ఆఖరి చుట్టు పూర్తిచేసిండు కానీ పదకొండు నిమిషాలు దాటింది. ఆరు నిమిషాల్లో ముగించాలని నియమం. 384 చుట్లు తిరిగిన బండికి లెక్కలో ఏ స్థానమూ దక్కలేదు.

కారణం చిన్నది. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు పోయే గాలి గొట్టం అతుకు దగ్గర లోపం.

2017లో మూడు బండ్లు పోతే రెండు దారిలోనే ఆగినయి. ఆ తర్వాత వాళ్లు పరీక్షల్లో కావాలనే లోపాలు పుట్టించి చూసిన్రు, మూడు చక్రాల మీద కూడా నడిపించిన్రట. 2018లో గెలిచిన్రు. ఆఖరి పాళీ మళ్లీ నకజిమాదే. పోర్షే, ఆడి అప్పటికే తప్పుకున్నయి, గట్టి పోటీ లేదన్నది నిజమే. అయినా 24 గంటలు బండి నిలబడాలె గదా. 2019, 2020లో కూడా ఆ బండిదే గెలుపు. 2019లో ఒక గంట ఉందనగా ముందున్న ఏడో నంబరు బండికి టైరు పంక్చరైంది. వైరు తప్పుగా కలిపి ఉండడంతో సెన్సారు వేరే చక్రం చూపింది, వాళ్లు మంచి టైరు మార్చిన్రు. గెలుపు ఎనిమిదో నంబరు బండికి పోయింది.

ఇది చూస్తుంటే నాకు మా సోలాపూర్ మిల్లు యాదికొచ్చింది. నా సాంచకు పోగు తెగితే ఆపే పిన్నులుండేటివి. దీపావళి ముందు ఉత్పత్తి తగ్గుతుందని జాబరు వాటిని తీగెతో కట్టేయించిండు. రాత్రి పాళీలో పోగు తెగింది, సాంచ ఆగలే. గజాల కొద్దీ బట్ట గీత పడి పోయింది. కోత నా జీతంలో పడ్డది. మా ఇంటామె కమ్మలు కుదువ పెట్టి పండుగ చేసింది.

"జాబరు కట్టేయించిండని ఎందుకు చెప్పలే తాతా?" అని మనవడు అడిగిండు.

అప్పటికి నేను బదిలీ కార్మికుణ్ణి బిడ్డా, చెప్తే తెల్లారి గేటు బయటే నిలబడాలె అన్నాను.