ఎం.బి.ఏ.లో ఏ శాఖ?

ఎం.బి.ఏ. మొదటి సంవత్సరము ముగియుచుండగా విద్యార్థి యింట నొక చర్చ జరుగును. ఫైనాన్సు తీసికొమ్మని మేనమామ. మార్కెటింగు వద్దని తల్లి, ఊరూర తిరుగవలసి వచ్చునని ఆమె భయము. పిల్లవాని మాట చివరకుగాని రాదు. అప్పు తెచ్చి చదివించు కుటుంబములలో ఇది వినోదపు చర్చ కాదు. కావున ఈ శాఖల స్వరూపము కొంత విప్పి చెప్ప నెంచితిమి.

మన దేశమున ఎం.బి.ఏ.ను తొలినాళ్లలో ఆరంభించిన వానిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ మొకటి. అది 1957 నాటి మాట. కలకత్తా, అహమ్మదాబాదులలోని ఐ.ఐ.ఎం.లు 1961లో వెలసినవి. సాధారణముగా మొదటి యేడు అందరికిని ఒకే పాఠములు. రెండవ యేట శాఖ.

నిర్వచనములకన్న చిత్తూరు ప్రాంతపు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ నొకదానిని తలచుకొందము. తోతాపురి కాయ కొద్ది వారములలోనే వచ్చి పడును, నిలువ యుండదు. బండ్లు ద్వారమువద్ద ఎంతసేపు ఆగవలెను, ఏ యంత్రము ఎంత వేగమున నడువవలెను అను లెక్క ఆపరేషన్సువారిది. కాయకు ధర అప్పుడే చెల్లింపవలెను, గుజ్జు మాత్రము ఏడాది పొడుగున అమ్ముడుపోవును. ఆ నడిమి కాలమునకు బ్యాంకు సొమ్మెంత, వడ్డీ యెంత యని చూచుట ఫైనాన్సు. గుజ్జునకు పానీయముల కంపెనీలలోను, విదేశములలోను గిరాకి కుదుర్చుట మార్కెటింగు. కొద్ది నెలలకే వచ్చు కూలీల వేతనములు, భద్రత, తగవులు మానవ వనరుల శాఖవి. 2025లో అచ్చట ధర పడిపోగా, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు ఇయ్యవలెనను ఏర్పాటు జరిగినది. ముందటి యేటి గుజ్జు నిలిచిపోవుట దాని కొక కారణము. అమ్మకము చెడినచో అప్పు తీరదు, కొనుగోలు సాగదు, కూలికి పనియుండదు. ఒక శాఖ తీసికొన్నవాడు తక్కిన మూటిని మరచుటకు వీలులేదు.

మానవ వనరుల శాఖ సులభమని పలువురు తలచుదురు. మాకు అట్లు తోపదు. 29 కార్మిక చట్టములను 2019, 2020 సంవత్సరములలో 4 స్మృతులుగా కూర్చిరి. వానిని ఓపికతో చదువగలవారికే ఆ శాఖ. మార్కెటింగునకు మాటకారితనము చాలుననుటయు నట్టిదే. ప్రశ్నావళి కూర్చుట, దుకాణదారుని ఎదుట నిలుచుట, వచ్చిన సమాధానములను లెక్కించుట, ఇదియే అందు పెద్దపాలు. బిజినెస్ ఎనలిటిక్సు అను క్రొత్త శాఖను సంఖ్యాశాస్త్రముపై పట్టులేక పేరుచూచి ఎంచుకొనరాదు.

రెండేండ్ల నడిమి వేసవిలో సుమారు 6 లేక 8 వారముల శిక్షణ యుండును. దానిని సర్టిఫికెట్టునకై గడుపువారే ఎక్కువ. సాయంకాలము ఇల్లు చేరిన పిదప కూడ ఏ పనిని గూర్చి ఆలోచించుచున్నారో విద్యార్థులు గమనించుకొనిన, మేనమామల సలహాకన్న అది నమ్మదగినది. కొన్ని విశ్వవిద్యాలయములు రెండు శాఖలు తీసికొననిచ్చును; ఫైనాన్సు, మార్కెటింగుల జోడి బ్యాంకులలోను, బీమా సంస్థలలోను అక్కరకు వచ్చును.

ఇంకొక మాట. చాలినంతమంది చేరనిచో కొన్ని ఐచ్ఛిక పాఠములను కళాశాలలు నడుపవు. ప్రాస్పెక్టసులో అచ్చైనవన్నియు లభించునని తలపక, నిరుడు ఏ పాఠములు నిజముగా నడచినవో, ఎవరు బోధించిరో పై తరగతివారిని అడిగి తెలిసికొని, పిమ్మట దరఖాస్తుపై సంతకము చేయవలెను.