దేవగన్నేరు

ఆలయ ప్రాంగణంలో వంకరలు తిరిగిన కొమ్మలతో నిలిచి ఉండే దేవగన్నేరును చూడని తెలుగువారు అరుదు. శీతకాలంలో ఆకులు రాల్చి ఎండిన మోడువలె కనబడే ఈ వృక్షం, వేసవి ప్రవేశించగానే కొమ్మల చివర పూలగుత్తులను ధరిస్తుంది. తెలుపు, పసుపు, గులాబి, ఎరుపు వన్నెలలో విరిసే ఆ పూల పరిమళం పరిసరాలను గుబాళింపజేస్తుంది.

పేరులో దైవత్వం ఉన్నప్పటికీ ఈ చెట్టు మన దేశంలో పుట్టినది కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు దీని జన్మస్థానాలు. ఐరోపావారి సముద్రయానాల తరువాతనే ఇది ఆసియా ఖండానికి చేరింది. కనుక ప్రాచీన కావ్యాలలో కనిపించే కరవీరం మన గన్నేరే గాని దేవగన్నేరు కాదు. అయితే ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఫ్రాన్సు దేశపు సన్న్యాసి, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన షార్ల్ ప్లూమియే (1646–1704) పేరు మీదుగా దీనికి ‘ప్లుమేరియా’ అనే శాస్త్రీయ నామం ఏర్పడింది. ఉత్తర భారతంలో దీనిని ‘చంపా’ అని కూడా వ్యవహరిస్తారు. అంతమాత్రాన ఇది సంపెంగ కాదు. సంపెంగ వేరొక కుటుంబానికి చెందిన వృక్షం. లావోస్, నికరాగువా దేశాలకు ఇది జాతీయ పుష్పం. 1860లో హవాయి దీవులకు చేరిన ఈ మొక్క, కాలక్రమంలో అక్కడివారు అతిథుల మెడలో వేసే పూలమాలలలో ప్రధాన స్థానం పొందింది.

దేవగన్నేరు పువ్వుకు సాధారణంగా ఐదు రేకులుంటాయి. అవి ఒకదాని అంచుపై మరొకటి ఒరిగి, గాలిపంకావలె అమరి ఉంటాయి. పరిమళం రాత్రివేళ అధికమవుతుంది. ఆ సువాసనకు ఆకర్షితములై, సీతాకోకచిలుకలను పోలిన పెద్ద రెక్కల పురుగులు తేనెకై పువ్వు పువ్వునూ వెదకుతాయి. కాని ఈ పూలలో తేనె ఉండదు! పురుగు నిరాశతో తిరుగుతుండగా పుప్పొడి ఒక పువ్వునుండి మరొక పువ్వుకు చేరుతుంది. అయినను ఈ చెట్లకు కాయలు కాయడం అరుదు. విత్తనంతో మొలిచిన మొక్క తల్లిచెట్టు వన్నెనే పొందుతుందన్న నిశ్చయమూ లేదు. అందువలన కొమ్మ నాటడమే శ్రేష్ఠమైన పద్ధతి.

చలికాలం ముగిసి ఎండలు ముదిరే వేళ, ముదురు కొమ్మను సుమారు అడుగు పొడవున కోయాలి. కోసినచోట పాలు స్రవిస్తాయి. ఆ పాలు కంటికి, చర్మానికి హాని కలిగిస్తాయి కనుక జాగ్రత్త అవసరం. కొమ్మను వెంటనే నాటరాదు. వారం మొదలు రెండు వారాల వరకు నీడలో ఆరబెట్టాలి. అప్పుడు గాయం మాని, పొరకట్టి, కుళ్లు లోనికి ప్రవేశించదు. ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో మూడు నాలుగు అంగుళాల లోతున నాటి, కదలకుండా కర్ర ఊతమివ్వాలి. వేళ్లూనడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఆకులు విచ్చుకొనే వరకు నీరు మితంగా పోయాలి.

ఈ మొక్కకు దినమునకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. కుండీలో పెంచినట్లయితే అడుగున నీరు పోయే రంధ్రం తప్పనిసరి. పైమట్టి ఆరిన పిదపనే మరల తడపాలి. ఆకురాల్చిన మొక్కను చూసి, ఎండిపోతున్నదన్న భయంతో కొందరు విరివిగా నీరు పోస్తారు. నిజానికి అది విశ్రాంతి కాలం. అప్పుడు వేళ్లు నీటిని అంతగా గ్రహించలేవు. నిలిచిన తేమకు కుళ్లిపోతాయి. ప్రేమతో చేసిన పనియే ప్రాణాంతకమవుతుంది. కొమ్మను వేలితో నొక్కినప్పుడు గట్టిగా ఉంటే మొక్క సజీవమే; మెత్తబడితే కుళ్లు సోకినట్లు. నత్రజని ఎరువు మితిమీరితే ఆకులు దట్టమై పూలు తగ్గుతాయి. కొమ్మ చివరనే పూలు పూస్తాయి కాబట్టి కత్తిరింపులు విశ్రాంతి కాలంలోనే ముగించాలి. కత్తిరించిన చోట తరచుగా రెండు మూడు కొమ్మలు చిగురిస్తాయి.

వానకాలంలో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనబడితే అది తుప్పు తెగులు. సోకిన ఆకులను, రాలినవాటితో సహా ఏరి దూరంగా పారవేయాలి. నీటిని ఆకులపై చల్లక మొదట్లోనే పోయాలి.

పెకలించి పక్కన పడవేసిన కొమ్మ సైతం, తనలో దాచుకొన్న నీటితో చిగురించి పూయగలదు. అందుచేతనే పలుచోట్ల దీనిని అమరత్వానికి సంకేతంగా భావిస్తారు. సముద్రాలు దాటివచ్చిన ఈ చెట్టు నేడు ఆలయంలో, దర్గాలో, బౌద్ధారామంలో, సమాధుల చెంత సమానంగా పరిమళిస్తున్నది. అది కోరేది కొంత ఎండ, మితమైన నీరు, మోడైన దినాలలో తొందరపడని ఓర్పు. ఆ ఓర్పు గలవారి ముంగిట ఏటేటా అది పూలు రాలుస్తుంది.