మెదడు స్కాన్‌లో దిగులు జబ్బు కనబడుతుందా?



ఈ మధ్య ఒక అత్తగారు పేపరు ముక్క తెచ్చి మాకు చూపించారు. "సిస్టరమ్మా, మా కోడలు నెల రోజులుగా దిగులుగా ఉంటోంది. మెదడు స్కాన్ తీస్తే ఈ జబ్బు కనబడుతుందట. అప్పు చేసైనా పట్నం తీసుకుపోతాం" అన్నారు.

అలాంటి వార్తల వెనుక చాలాసార్లు ఇరవై ముప్పై మందిని స్కాన్ చేసిన చిన్న పరిశోధన ఉంటుంది. ఒక్క సాక్షి మాట మీద మన సంఘం తీర్పు చెప్పదు గదా! అందుకే లోకమంతటా జరిగిన పరిశోధనలను పోగుచేసి, కలిపి లెక్క చూస్తారు. దీన్నే మెటా ఎనాలిసిస్ అంటారు. కానీ సాక్షులను పోగుచేయడంలో తప్పు జరిగితే తీర్పూ తప్పుతుంది. దిగులు జబ్బు మీద వచ్చిన ఈ లెక్కలు ఒక్కొక్కటి మెదడులో ఒక్కో చోటు చూపాయి.

2017లో జర్మనీలోని వెరోనికా ముల్లర్ బృందం పద్ధతులు బిగించి మళ్లీ చూసింది. 57 పరిశోధనల్లోని 99 ప్రయోగాలను కలిపితే, అన్నీ ఒప్పుకునే చోటు ఒక్కటీ దొరకలేదు. జబ్బు లేదని దీని అర్థం కాదు. స్కాన్ చూసి చెప్పగల గుర్తు దొరకలేదని మాత్రమే.

2018లో ముల్లర్, సహచరులు ఇలాంటి లెక్కలకు పది నియమాలు రాశారు. ముందే అనుకున్న మూలను మాత్రమే చూసిన పరిశోధనలు కలపకూడదు, మెదడంతా వెదికినవే కావాలి. ఒకే రోగుల గుంపు రెండు చోట్ల వస్తే ఇద్దరు సాక్షులుగా ఎంచరాదు. ఏమి చేయబోతున్నారో ముందే రాసిపెట్టాలి. అంకెలు రెండోసారి సరిచూడాలి. వార్డులో ఇంజెక్షను మోతాదును ఇద్దరు నర్సులు చూసుకున్నట్టే, ఇది మాకు బాగా నచ్చింది.

గుర్తులన్నీ ఒకే పటం మీదికి తేవాలనేది ఇంకో నియమం. ఎక్కువగా వాడే పటం పాశ్చాత్యుల మెదళ్లతో చేసింది. మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారు 2019లో 100 మంది ఆరోగ్యవంతులైన భారతీయ యువతీయువకుల స్కాన్లతో మన పటం తయారు చేశారు. సగటున మన మెదడు కొంచెం చిన్నదని తేలింది. తెలివికీ దీనికీ ముడిపెట్టకండి!

ఆ అత్తగారితో అప్పు చేయవద్దన్నాము. నిద్ర, ఆకలి, ఆలోచనలు అడిగి తెలుసుకుని డాక్టరుగారే ఈ జబ్బును గుర్తిస్తారు. వేరే అనుమానంతో ఆయన స్కాన్ రాస్తే మాత్రం తప్పక తీయించండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యీ కాలూ పడిపోయినా, తలకు దెబ్బ తగిలి వాంతులవుతున్నా స్కాన్‌కు ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలక ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. రాత్రి వేళైనా 14416 టెలిమానస్‌కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.