‘కోర్స్’ అన్నది దేన్ని? ఆకునా, గూటినా, దారాన్నా?

ఈసారి మందుల గురించి, రేట్ల గురించి రాయడంలేదు. ఒక్క ఇంగ్లీషు మాట గురించి రాస్తాను. అది సరిగ్గా అర్థంకాక నేను ఒక పంట పోగొట్టుకున్నాను.

పోయిన ఎండాకాలం మార్కెట్లో ఒక రీలరు నా గూళ్లు పిడికెడు పట్టి, వేళ్లతో రుద్ది చూసి "కోర్స్ గా ఉందన్నా" అని రేటు తగ్గించాడు. అంతకుముందు ట్రైనింగులో సారు "కోర్స్ ఆకు వేయొద్దు" అని చెప్పిన మాట నా చెవిలో ఉంది. ఓహో, ఆకు ముదిరిందన్నమాట అనుకున్నాను. తర్వాతి పంటకి నాలుగో జ్వరం లేచినాక కూడా కొమ్మ చివరి లేతాకే కోసి వేశాను. అప్పుడే మొదటి వానలు. ఆకులో నీళ్లెక్కువ, షెడ్డులో తేమ ఎక్కువ. పాలరోగం పట్టింది. 150 గుడ్ల పంటలో సగానికి పైగా గుంట తీసి పూడ్చాను.

ఆ రీలరు చెప్పింది ఆకు సంగతి కాదు, గూటి మీద ముడతల సంగతి.

మా అమ్మాయి డిక్షనరీ తీసి చూపించింది. ట్రైనింగ్ కోర్సుకీ దీనికీ పలుకు ఒకటే, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. దానికి ‘యూ’, దీనికి ‘ఏ’. రెండూ ఒకే మాటలోంచి వచ్చినవేనని పండితులు అనుకుంటారంట. మామూలుగా రోజూ కట్టుకునే బట్టని అలా అనేవారు, అది ముతకది కాబట్టి పోనుపోను ముతక అన్న అర్థం నిలిచింది.

మన తెలుగులో దీనికి ఒక మాట చాలదు. చేతికి తగిలితే గరుకు, బట్టయితే ముతక, పిండి అయితే బరక, మనిషయితే మొరటు, ఆకయితే ముదురు. కన్నడం వాళ్ల ‘ఒరటు’ కూడా కొంచెం ఇలాగే చాలా చోట్ల సరిపోతుంది. రాగులు, జొన్నలను కూడా సర్కారు కాగితాల్లో ‘కోర్స్’ ధాన్యాలనే రాసేవారు. 2018లో ఆ పేరు తీసేసి ‘న్యూట్రి సీరియల్స్’ అన్నారు. మన ముద్దకి అప్పటికి మర్యాద దొరికింది!

ఇక మన పనిలో చూద్దాం. ఆకుని కోర్స్ అంటే ముదిరి, నీరు తగ్గి, గట్టిపడిందని. చాకి పురుగు దాన్ని కొరకలేదు. అలాగని పెద్ద పురుగుకి లేతాకు పనికిరాదు, పక్వానికొచ్చిన ఆకే కావాలి. నా తప్పు అక్కడే.

దారాన్ని కోర్స్ అంటే లావు అని, అంతే. అది తిట్టు కాదు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఒక గూటి పోగు రెండు మూడు డెనియర్లుంటుంది, ఏడెనిమిది గూళ్ల పోగులు కలిస్తే 20/22 దారం అవుతుంది. ఒకే గూట్లో కూడా పైపొరల పోగు లావు, లోపల పురుగు దగ్గరికొచ్చేసరికి సన్నం.

గూటిని కోర్స్ అంటే మాత్రం మన జేబుకి దెబ్బ. పైన నూగు తీసేసి చూడండి, ప్రతి గూటికీ ముడతలుంటాయి. జాతిని బట్టి కొంత తేడా సహజమే. ఆ ముడతలు పెద్దవిగా, గరుకుగా ఉంటే దారం సాఫీగా ఊడిరాదు, మాటిమాటికీ తెగుతుంది. రీలరు రేటు తగ్గించేది దానికే. పండిన పురుగు గూడు కట్టేటప్పుడు వేడి ఎక్కువై, గాలి బాగా పొడిగా ఉంటే ఇలా అవుతుంది. నేను ఆ పంటకి చంద్రికలు రేకుల కింద పెట్టాను. మధ్యాహ్నం అక్కడ మనిషే నిలబడలేడు.

ఇప్పుడు రేకుల మీద కొబ్బరిమట్టలు కప్పాను. చంద్రికలున్న చోట 24-25 డిగ్రీలు, తేమ 60-70 శాతం ఉండేలా చూసుకుంటున్నాను. గాలి ఆడనిస్తాను, ఎండగాలి నేరుగా తగలనివ్వను. ఎవరైనా కోర్స్ అంటే "ఏది సామీ?" అని వెంటనే అడుగుతున్నాను.

మొన్నటి లాటుకి అదే రీలరు వచ్చాడు. పిడికెడు తీసి రుద్ది చూశాడు. ఏమీ అనలేదు, రేటు వేశాడు.